బోర్లించిన చెంబు

దయ్యాల కబుర్లు చెబితే ముఖం మీదే నవ్వే మనిషిని నేను. చనిపోయినవాళ్లు గోడ మీది ఫొటోలో ఉంటారు తప్ప ఇంట్లో చెంబులు ముట్టరని ఇప్పటికీ అంటాను. అయినా ఈ ఒక్క సంగతి నాకు కొరుకుడు పడలేదు.

తొంభైల మొదట్లో జరిగింది. సిద్దిపేటలో మాది చేనేత ఇల్లు. మా ఆయనకు నేను రెండో భార్యను. మొదటి భార్య బాలమణి జ్వరంతో పోయాక నన్ను చేసుకున్నాడు.

ఆయనకు గుండె బలహీనపడి కాళ్లకు నీరు పట్టింది. మగ్గం దిగి మంచమెక్కాడు. డాక్టర్ ఉప్పు తగ్గించమంటే నేను మొత్తానికే మానిపించాను. మాత్రలు వేడి చేస్తాయని మా దగ్గర అందరూ అంటారు. అందుకని చప్పటి గంజి, బార్లీ నీళ్లు, మధ్యమధ్య చెంబుల కొద్దీ మంచినీళ్లు తాగించాను. నా చేతి మీదుగానే ఆయన లేవాలని నా పట్టుదల. ఎందుకంటే అత్తమ్మ నోట పొద్దస్తమానం బాలమణి సేవల ముచ్చటే.

ఒక మధ్యాహ్నం బట్టలు ఆరేసి వచ్చేసరికి, మంచం పక్కన నిండుగా పెట్టిన చెంబు గోడ గూట్లో బోర్లించి ఉంది. నేల మీద తడి లేదు. ఆయన లేచి కూర్చోవాలన్నా నేను పట్టుకోవాలి. అత్తమ్మ నా ఎదుటే వాకిట్లో నూలు కండెలు చుడుతోంది. మర్నాడూ అంతే.

అత్తమ్మ చూసి తెల్లబోయింది. "గిది బాలమణి అలవాటు బిడ్డా. ఇగ నీళ్లు చాలనుకుంటే చెంబు గట్లనే గూట్ల బోర్లిస్తుండె."

భయం వేయలేదు. కుళ్లు పుట్టింది. చచ్చి సాధించడమంటే ఇదే అనుకున్నాను. పంతానికి చెంబు దాచి గ్లాసు పెట్టాను. కాసేపటికి గ్లాసూ గూట్లోనే బోర్లించి ఉంది. అయినా నా చేత్తో తాగించడం మాత్రం మానలేదు.

తర్వాత ఆయనకు మాట తడబడింది. నా చెయ్యి పట్టుకుని, "బాలమణీ, నువ్వు వద్దన్నవని నీళ్లు తాగుతలేనే" అన్నాడు. ఆ చెయ్యి విదిలించుకుని వంటింట్లో కూర్చుని ఏడ్చాను.

హైదరాబాద్ దవాఖానలో రక్తపరీక్ష చేశారు. సోడియం బాగా పడిపోయిందని, గుండె జబ్బువాళ్లకు అది మంచి లక్షణం కాదని, మతి తప్పింది కూడా అందువల్లేనని పెద్ద డాక్టర్ చెప్పాడు.

"ఒంట్ల నీళ్లు ఎక్కువైనయమ్మా. గుండె తోడలేక రక్తం పలచబడ్డది. ఇంకింత తాగితే మనిషి దక్కకపోతుండె" అన్నాడు.

నీళ్లు కొలిచి ఇవ్వడం మొదలుపెట్టాక ఆయన మెల్లగా తేరుకున్నాడు. ఇంటికి వచ్చాక చెంబు పెట్టినచోటే ఉంది.

మతి తప్పి నన్ను బాలమణి అన్నాడంటే ఒప్పుకుంటాను, డాక్టరే చెప్పాడు కదా. చెంబు ఎవరు ఎత్తారో, ఆ నీళ్లు ఏమయ్యాయో మాత్రం ఎవరూ చెప్పలేకపోయారు.

ఆమె ఫొటోకు రోజూ నేనే బొట్టు పెడతాను. పెడుతూనే లోపల మండుతుంది. మంచం పక్కనే ఉన్న నాకు తెలియంది, ఆమెకెట్లా తెలిసింది?