సున్నం పూసిన రాళ్లు

మా మేనత్త పోయిందన్న కబురు నల్లమాడ నుంచి అనంతపురం వచ్చిన బస్సు కండక్టరు తెచ్చాడు. “మీ అత్త తెల్లారి పోయిందప్పా” అని చెప్పి, సంచి సర్దుకుంటూ వెళ్లిపోయాడు. నేను ఊరు చేరేసరికి మట్టి కూడా ఇచ్చేశారు. ఆమె గురించి ఏ పేపరువాడూ రాయడు. అందుకే నేను రాస్తున్నాను.

మా వైపు వేరుశనగ పెరికాక, ఎలుకలు కలుగుల్లో దాచుకున్న కాయలను కూలి ఆడవాళ్లు తవ్వి తీసుకుంటారు. కరువు ఏడాది పొయ్యి మీదికి ఎక్కేవి ఆ కాయలే. పంచాయతీకేమో ఎలుకలు చావాలి. ముందు కొన్నాళ్లు నూనె పూసిన ఉత్త బొరుగులు, అంటే మరమరాలు, కలుగుల దగ్గర వేయిస్తారు. ఎలుకలు రుచి మరిగాక మందు కలిపినవి వేయిస్తారు. ఉత్తవి వేసే రోజుల్లో వాటిని కూడా ఆడవాళ్లు మట్టి దులుపుకుని తినేవాళ్లు. ఆ సంగతి పంచాయతీకి బాగా తెలుసు. మందు వేసే ముందు తప్పెట కొట్టించి ఊరుకునేది.

డెబ్బైలలో ఒక కరువు ఏడాది ఆ తప్పెట కూడా కొట్టించలేదు. అత్త చేలో కలుపు తీసే ఆమె ఎప్పటిలాగే బొరుగులు ఏరి తిన్నది. ఎద్దుల బండిలో కదిరి ఆస్పత్రికి తీసుకుపోతుంటే, అత్త ఒడిలో తల పెట్టుకుని, “మందని ఎవురన్నా చెప్పింటే తినేదాన్ని కాదు కదమ్మా” అన్నదట. దారిలోనే ప్రాణం పోయింది.

అత్త మరునాడే పంచాయతీ ఆఫీసుకు పోయి గడపలో కూర్చుంది. సర్పంచు ఆమెకు వరసకు తమ్ముడు. కాఫీ తెప్పించాడు, ఆమె ముట్టలేదు. పై ఆఫీసు వాళ్లు తొందరపెట్టారని ఏదో చెప్పబోయాడు.

“ఎలుకల్ని సంపుకో తమ్ముడూ, నేనొద్దనను. యాడ పెడతాండారో నాకు చూపిచ్చి పెట్టండి” అంది అత్త.

ఆ మాట ఒప్పుకున్నాకే లేచింది. ఆ తర్వాత ఏ ఏడాదీ ఆమె లేకుండా మా ఊళ్లో మందు పడలేదు. పంచాయతీ మనిషి బుట్టతో ముందు నడిస్తే, అత్త సున్నం పూసిన రాళ్లు గంపలో పెట్టుకుని వెనక నడిచేది. మందు పడిన ప్రతి కలుగు ముందూ ఒక రాయి పెట్టేది. తర్వాత తానే తిరిగి, మిగిలిన బొరుగులు ఊడ్చి, చచ్చిన ఎలుకలను కుక్కలు లాగకుండా లోతుగా పూడ్పించి, రాళ్లు ఏరుకునేది. అప్పుడు గట్టు మీద నిలబడి, “ఇంక తవ్వుకోండమ్మా” అని కేకేసేది. ఆ కేక వినపడేదాకా ఎవరూ గునపం దించేవాళ్లు కాదు.

ఊళ్లో మగవాళ్లు ఆమెను ఎలుకల ఇన్‌స్పెక్టరమ్మ అని ఎగతాళి చేసేవాళ్లు. “జీతం లేని ఉద్యోగం నాదొకటి ఉండాదిలే” అని తానూ నవ్వేది. పండగలకు వెళితే మాకు ఉగ్గాని చేసిపెట్టేది. బొరుగులు నానబెట్టి, నీళ్లు పిండేసి, తాలింపు వేసి, పక్కన మిరపకాయ బజ్జీలు పెట్టి, తాను మాత్రం రాగి సంగటి తినేది. ఒకసారి అడిగాను. “నాకు గొంతు దిగదులేప్పా” అని అటు తిరిగిపోయింది. నేను మళ్లీ అడగలేదు. నాకు ఆమె మీద ఉన్న ప్రేమంతా ఆ అటు తిరిగిన వీపు మీదే నిలిచిపోయింది.

దినాలు అయ్యాక చేల వైపు వెళ్లాను. ఈ ఏడూ వానలు లేవు. కాపు అంతంతమాత్రం. గట్టు మీద ఆడవాళ్లు గునపాలు పక్కన పెట్టుకుని వరసగా కూర్చుని ఉన్నారు. ఎందుకు తవ్వడం లేదని అడిగాను. అత్త చావు గొడవలో పంచాయతీ మనిషి ఒక్కడే వచ్చి మందు వేసిపోయాడట. ఎక్కడెక్కడ వేశాడో వాడికే గుర్తు లేదట. సర్పంచునడిగితే ఇన్ని రోజులయ్యాక ఏం కాదులే, తవ్వుకోండి అన్నాడట.

“ఆయప్ప చెప్తే ఎట్ల తవ్వేదన్నా? అమ్మ చెప్పల్ల గదా” అంది వాళ్లలో పెద్దామె.

ఆమె పక్కన ఒక పసిది ఖాళీ గంప బోర్లించుకుని కూర్చుంది. అత్త రాళ్లన్నీ ఇంటి వసారాలో మూలన కుప్పగా ఉన్నాయి. చేలో కలుగులన్నీ ఒకే మాదిరిగా నోళ్లు తెరుచుకుని ఉన్నాయి. ఎండ నెత్తి మీదికి వచ్చినా ఆడవాళ్లు లేవలేదు, ఊరి బాట వైపే చూస్తూ కూర్చున్నారు.