నాలుగు నెలల కారు, నాగులేటి రేవు

కారు కొన్న నాలుగు నెలలకు గానీ దాన్ని ఒక సరదా పని మీద ఊరు దాటించలేదు నేను. నరసరావుపేటలో నేను కాన్పుల డాక్టర్ని. పదిహేనేళ్లు గూడు బండిలో ఊళ్లు తిరిగాను. యుద్ధం ముగిసి కొత్త కార్లు మళ్లీ వస్తున్నాయని విని, ఉన్నదంతా ఊడ్చి నాలుగు తలుపుల కారు ఒకటి తెప్పించుకున్నాను. మరీ పెద్దదీ కాదు, మరీ చిన్నదీ కాదు. ముదురాకుపచ్చ రంగు. వెనక సీట్లో ముగ్గురు ఇరుక్కోకుండా కూర్చోవచ్చు. ఈ నాలుగు నెలలూ అది నొప్పులు పడే వాళ్ల ఇళ్లకే తిరిగింది. ఇంతలో మాచర్ల నుంచి ఉత్తరం వచ్చింది. అక్కడి బడిపంతులు భార్య మరియమ్మకు చలికాలం మొదట్లో మా దగ్గరే కాన్పయింది. రెండు రోజులు వాళ్లమ్మనూ నన్నూ ఏడిపించి మరీ పుట్టిన ఆడపిల్ల. ఆదివారం ఆ పిల్లకు బాప్తిస్మం, మీరు రాకపోతే పేరు పెట్టేది లేదని రాసింది మరియమ్మ. ఇంకేం, బయలుదేరాను.

ఇంకో కారణం కూడా ఉంది. అది దాచిపెట్టి ఈ ప్రయాణం చెప్పడం నావల్ల కాదు. మా కోటయ్య ఆ పదిహేనేళ్లూ నా బండి తోలినవాడు. కారు కోసం ఎడ్లను అమ్మేసిన రోజు, రొంపిచర్ల దాకా తనే నడిపించుకుపోయి కొన్నవాళ్లకు అప్పగించి వచ్చాడు. వచ్చి రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. అతన్ని పొమ్మనడానికి మనసొప్పక, కారు వచ్చేలోపే పట్టాళం నుంచి తిరిగొచ్చిన ఒక డ్రైవరు దగ్గర గుంటూరులో రెండు నెలలు పెట్టి నడపడం నేర్పించాను. లైసెన్సయితే వచ్చింది గానీ చేతులు మాత్రం బండి దగ్గరే ఉండిపోయాయి. మొదటి నెలలో గేటు స్తంభం ఎదురొచ్చింది. బ్రేకు తొక్కడానికి బదులు స్టీరింగును రెండు చేతులా పగ్గం గుంజినట్టు గుంజి "హో... హో..." అన్నాడు. కారు ఆగలేదు, స్తంభం పడింది. మూడో నెలలో సంత దగ్గర కోళ్లగంప మీదికి పోనిచ్చాడు. అప్పుడూ అదే "హో". నాకు ఒళ్లు మండి, గుంటూరులో ఒక డ్రైవరును మాట్లాడిపెట్టాను. సోమవారం పొద్దున్నే వస్తానన్నాడు. ఆ మాట కోటయ్యకు చెప్పడానికి నోరు రాలేదు. యాభై దాటిన మనిషి, పొలం లేదు, ఎడ్లూ లేవు, ఇంకెవరు పెట్టుకుంటారు? ఈ ఆదివారం ఒక్కటీ సవ్యంగా నడిపితే గుంటూరు మనిషిని వద్దంటాననుకున్నాను. లేకపోతే దారిలోనే చెప్పేస్తాను. ఇదీ నా లెక్క.

ఆరింటికి బయలుదేరాం. మాచర్లకు పొద్దున రైలుంది, చవక కూడానూ. కానీ మధ్యలో నచ్చిన చోట ఆగాలంటే రోడ్డే మంచిది. పిడుగురాళ్ల, దాచేపల్లి, గురజాల, రెంటచింతల మీదుగా యాభై మైళ్లు కాస్త అటూ ఇటూ. ఎక్కడా ఆగకపోతే మూడున్నర గంటలు. పెట్రోలు ఇంకా కూపన్ల మీదే ఇస్తున్నారు కాబట్టి పోనూ రానూ ఎంతవుతుందో ముందే చూసుకోవాలి. గాలనుకు పాతిక మైళ్లు వస్తుందని అమ్మినవాడు గట్టిగా చెప్పాడు. మన కంకర రోడ్ల మీద ఇరవై వస్తే అదే గొప్ప. తుమ్మముళ్లకు నాలుగు నెలల్లో అయిదుసార్లు టైర్లు పంక్చరయ్యాయి. స్ప్రింగులు మాత్రం బంగారం. గూడు బండిలో విరిగిన నా నడుము ఈ సీట్లో మళ్లీ అతుక్కుందనే చెప్పాలి.

ఆ పొద్దున మంచు బాగా పడింది. ఊరు దాటాక మిరప చేలు కనపడలేదు, వాటి మీద తెల్లటి పొగలాంటిది మాత్రమే కనపడింది. అందులోంచి ఒక మనిషి తలగుడ్డ, ఒక ఎద్దు మూపురం, దూరంగా ఒక చర్చి శిలువ తేలుతూ వచ్చి వెళ్లిపోయాయి. కారు కదులుతున్నట్టు లేదు, ఊళ్లే మా పక్క నుంచి నడిచిపోతున్నట్టుంది. కళ్లు మూతలు పడ్డాయి గానీ నిద్ర రాలేదు. ఈ కారుతో నా గొడవంతా అదే. బండిలో నేను హాయిగా నిద్రపోయేదాన్ని. రాత్రంతా కాన్పు చేసి ఎక్కితే గడ్డి పరుపు మీద ఒళ్లు తెలిసేది కాదు. ఇల్లు చేరినా కోటయ్య లేపేవాడు కాదు. చప్పుడు కాకుండా ఎడ్లను విప్పి, కాడి కింద కర్ర ఆనించి, మెట్టు మీద కూర్చునేవాడు. నాకు ఎండ తగిలి మెలకువ వచ్చేది. కారులో ఆ సుఖం లేదు. ఎప్పుడు "హో" అంటాడోనని భయం. ఒకవేళ కన్నంటుకున్నా, ఇంజను ఆగిందంటే చాలు, ఎవరో తట్టినట్టు లేచి కూర్చుంటాను.

ఎనిమిదింటికి పిడుగురాళ్లలో కాఫీ హోటలు ముందు ఆగాం. ఉప్మా వేడిగా ఉంది, కాఫీలో పాలు ధారాళంగా పోశారు. ఇద్దరికీ కలిపి అర్ధరూపాయి కూడా కాలేదు. వంటాయన గరిటె చేత్తోనే బయటికొచ్చి కారు చుట్టూ ఒక ప్రదక్షిణం చేశాడు.

"ఇది మేతేమీ తినదంట గదా కోటయ్యా?" అన్నాడు. పాత పరిచయం.

"మేత తినదు. నీళ్లు మాత్రం చానా తాగుద్ది," అన్నాడు కోటయ్య, ముందు మూత మీద చెయ్యేసి నిమురుతూ.

అప్పుడే నాకు తట్టి ఉండాల్సింది.

తొమ్మిదిన్నరకు దాచేపల్లి దగ్గర నాగులేటి రేవులోకి దిగాం. అడుగున రాళ్లు పరిచి ఉన్నాయి, నీళ్లు మోకాలి లోతుకు కాస్త తక్కువే. మొదటి గేరులో ఆగకుండా పోతే కారు సులువుగా దాటుతుంది. మంచు అప్పుడే విడిపోయి నీళ్ల మీద ఎండ పరుచుకుంటోంది. సరిగ్గా నడి ఏట్లో కారు మెల్లగా ఆగింది. గుడగుడమని రెండు బుడగలు వదిలి ఇంజను చల్లబడిపోయింది. ఆ నిశ్శబ్దంలో కోటయ్య పెదాలు చుట్టి ఈల వేశాడు. ఎడ్లు నీళ్లు తాగేటప్పుడు వేసే ఈల, సన్నగా, సాగదీసి. చెబితే సిగ్గుచేటు గానీ, ఒక్క క్షణం నేనూ కళ్లు మూసుకుని ఎడ్లు తలలెత్తుతాయని ఎదురుచూశాను. పాదాలకు చల్లగా తగిలింది. చూద్దును కదా, తలుపు సందులోంచి ఏరు లోపలికి వస్తోంది.

"కోటయ్యా! ఏం చేశావయ్యా?"

అతను వెనక్కి తిరిగాడు. ముఖంలో నెత్తురు చుక్క లేదు. "ఏరొచ్చింది గదమ్మగారూ... నీళ్లు తాపకుండా ఎట్టా దాటిచ్చేదని... చెయ్యి దానంతటదే..."

"ఏ ఎడ్లకు తాపుతావు? ఎక్కడున్నాయి నీ ఎడ్లు?"

అంతటితో ఊరుకున్నానా? లేదు. పట్టుచీర అంచు తడిసింది, పదకొండింటికి చర్చిలో ఉండాలి, కూపన్ల పెట్రోలు, కొత్త కారు. అన్నీ కలిసి నెత్తికెక్కాయి. "రేపు గుంటూరు నుంచి డ్రైవరు వస్తున్నాడు. ఇక నీ చేతికి ఈ కారు ఇచ్చేది లేదు," అనేశాను. ఎలా చెప్పాలా అని వారం రోజులు నలిగిన మాట, ఏటి మధ్యలో కేకలాగా బయటికొచ్చింది.

కోటయ్య స్టీరింగు వదిలేశాడు. "అట్టాగే అమ్మగారూ. ముందు తమర్ని ఒడ్డుకు చేరుస్తా," అన్నాడు. పంచె ఎగగట్టి దిగి తలుపు తీసి, జారకుండా తన భుజం పట్టుకోమన్నాడు.

నాపరాళ్ల బండి ఒకటి వస్తే ఆ రైతును పిలిచాం. అతను చేతులు నడుముకు పెట్టుకుని కారును తేరిపార చూశాడు. "ఏందమ్మా, ఇంత లావు మోటారుకు కూడా మా ఎడ్లే దిక్కయినయ్యా?" అని పకపకా నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. కోటయ్య తనే తాడు కట్టాడు. ఎడ్ల గంగడోళ్లు నిమిరి చెవిలో ఏదో చెప్పాడు. అవి ఒక్క గుంజున కారును ఒడ్డెక్కించాయి. డబ్బులిస్తే రైతు పుచ్చుకోలేదు. తర్వాత కోటయ్య ఇంజను మూత ఎత్తి, ప్లగ్గులు ఒక్కొక్కటే విప్పి తలగుడ్డతో తుడిచి ఎండలో పెట్టాడు. తీగలన్నీ ఆరబెట్టాడు. ఒక్కటి కూడా తారుమారు కాకుండా మళ్లీ బిగించి, హ్యాండిలు మూడుసార్లు తిప్పేసరికి ఇంజను పలికింది. గంటంబావు పట్టింది. ఆ పని చూస్తుంటే, మిలట్రీ డ్రైవరు నేర్పింది ఇతనికి బాగానే ఒంటబట్టిందని నాకు తెలుస్తూనే ఉంది. కానీ కోపంలో ఉన్నాను, ఒప్పుకోలేదు.

మాచర్ల చేరేసరికి పన్నెండు దాటింది. పాస్టరుగారు పాపం పాట వెంట పాట పాడించి జనాన్ని కూర్చోబెట్టారు. పిల్ల నా ఒళ్లో పడుకుని, తల మీద నీళ్లు పడ్డా ఏడవకుండా నావైపే చూసింది. కరుణ అని పేరు పెట్టారు. గోంగూర వేసిన కోడికూర, జొన్నరొట్టె, అన్నం. పల్నాటి కారం నాకు అలవాటే గానీ మీకు కొత్తయితే మజ్జిగ దగ్గర పెట్టుకోండి. వడ్డిస్తూ మరియమ్మ నా చెవి దగ్గర వంగింది.

"కోటయ్య బాబాయి మెతుకు ముట్టలేదు డాక్టరమ్మా. నాకు నొప్పులొచ్చినప్పుడు నెకరికల్లులో మా పుట్టింటి నుంచి తోలుకొచ్చింది ఆయనే గదా. ఒంట్లో బాలేదా ఏంది?"

"ప్రయాణం బడలిక," అన్నాను. నాకూ ముద్ద దిగలేదు.

రెండింటికి తిరుగు ముఖం పట్టాం. నాగులేటి దగ్గర కోటయ్య కారును ఒడ్డునే ఆపి దిగాడు. పంచె ఎగగట్టి అవతలి ఒడ్డుదాకా నడిచి, ఏ రాయి కదిలిందో కాలితో తడిమి చూసి తిరిగొచ్చాడు. మొదటి గేరు వేసి, ఒకే ఊపులో, నీళ్లు రెండు రెక్కలుగా లేస్తుండగా దాటించేశాడు. అవతల ఆపి, "ఇప్పుడు తాపొచ్చా అమ్మగారూ?" అని అడిగి చెంబుతో రేడియేటరులో నీళ్లు పోశాడు. పోస్తూ సన్నగా ఈల ఎత్తుకుని, నేను చూస్తున్నానని గుర్తొచ్చి మధ్యలో ఆపేశాడు. వేసుకో కోటయ్యా, ఫరవాలేదు అందామనుకున్నాను. అనలేదు.

అక్కణ్నుంచి ఎండ మా వీపు మీద పడింది. ముందు మా నీడే పొడుగ్గా సాగుతూ దారి చూపిస్తోంది. ఇళ్లకు పోయే మందలు లేపిన దుమ్ములో రోడ్డు పసుప్పచ్చగా కరిగిపోతోంది. అతను "హో" అనలేదు. ఒక్క కుదుపూ లేదు. ఇంజను చప్పుడు ఎవరో పక్కగదిలో మెల్లగా జోలపాడుతున్నట్టు వినపడింది. ఏరూ, ఈలా, పసిపిల్ల కళ్లూ ఒకదాంట్లోకి ఒకటి కలిసిపోయాయి. బండిలో గడ్డి వాసన కూడా వచ్చినట్టుంది. నాలుగు నెలల తర్వాత మొదటిసారి నిద్రపోయాను.

కళ్లు తెరిచేసరికి ఇంజను ఇంకా అదే జోలపాడుతోంది. ఏ ఊరు దాటుతున్నామో చూద్దామని తల తిప్పాను. మా ఇంటి కిటికీ. అందులో దీపం. కారు మా వాకిట్లోనే నిలబడి ఉంది. నా మీద కోటయ్య కంబళి కప్పి ఉంది. అతను మోకాళ్లు చుట్టుకుని మెట్టు మీద కూర్చుని ఉన్నాడు.

"వచ్చి ఎంతసేపయింది?"

"దీపాలు పెట్టకముందే వచ్చామమ్మా."

"మరి ఇంజను ఆపవేం? పెట్రోలెంత తగలబడిందో తెలుసా? కూపన్లు ఎవడిస్తాడు?" అలవాటుగా గొంతు లేచింది.

"తెలుసమ్మగారూ." అతను లేచి నిలబడ్డాడు. "ఎడ్లనైతే చప్పుడు గాకుండా విప్పొచ్చు. దీన్ని ఆపితేనే తమకు మెలకువొస్తది. అందుకని ఆపలా." కారు తలుపు తీస్తూ మళ్లీ అన్నాడు. "రేపొచ్చే ఆయనకు కాస్త ఈ సంగతి చెప్పండమ్మా. కొత్తోడు గదా, తెలవక ఆపేస్తాడు."

నాకు ఏడుపొచ్చింది. ఆపుకోలేదు కూడా. కంబళి ముఖానికి అడ్డం పెట్టుకుని, "కోటయ్యా, ఇంజను ఆపు. పోయి అన్నం తిను. పొద్దున ఆరింటికి ఎడ్లపాడు పోవాలి, నువ్వే తీయాలి కారు," అన్నాను. అతను నమ్మనట్టు రెండుసార్లు నావైపు చూసి, చెయ్యి లోపలికి పెట్టి తాళంచెవి తిప్పాడు. సోమవారం వచ్చిన గుంటూరు డ్రైవరు బుద్ధిమంతుడే, పని తెలిసినవాడే. రానూపోనూ ఖర్చులిచ్చి, క్షమించమని చెప్పి పంపించాను.

నాలుగు నెలల్లో ఈ కారు ఎలా ఉందని స్నేహితులంతా అడుగుతున్నారు. స్ప్రింగులు మంచివని, టైర్లు ముళ్లకు ఆగవని, ఎండలో రేడియేటరు కాగుతుందని ఇన్నాళ్లూ చెబుతూ వచ్చాను. ఆ ఆదివారం దాకా అది నాకు త్వరగా చేర్చే యంత్రమే. ఇప్పుడు ఎక్కితే నిద్ర వస్తోంది. కోటయ్య ఇప్పటికీ ఏరు కనపడితే దాటాక ఆపి నీళ్లు పోస్తాడు, పోస్తూ ఈల వేస్తాడు. నేను వద్దనను. ఆ చప్పుడు వినపడితేనే దారి సగమైనట్టు నాకు లెక్క.

మీరూ ఈ దారిన కారులో పోదలిస్తే ఒకే ఒక్క మాట. లెక్క ప్రకారం పట్టేదానికన్నా ఒక గాలను పెట్రోలు ఎక్కువే పోయించుకోండి. దారిలో అవసరపడుతుందని కాదు, ఇల్లు చేరేసరికి మీరు నిద్రలో ఉండొచ్చు.