ఎడమ కనుబొమ్మ మీది గాటు

ఆ వీధిలో తన ముందు తల వంచని మగవాడు లేడని సెలూన్ మామయ్య నవ్వుతూ చెప్పుకునేవాడు. అందుకే, సరిహద్దులో ప్రాణం వదిలిన కుర్రాడికి విగ్రహం చేస్తున్నప్పుడు శిల్పి ఆయన్ని కూడా పిలిపించాడు. ఉన్న ఒక్క మంచి ఫొటోలో టోపీ కనుబొమ్మల దాకా దిగి ఉంది. తల్లికేమో కొడుకు టోపీ లేకుండా కనబడాలని.

షెడ్డులో మట్టి తల మీది తడిగుడ్డ తీశారు. మామయ్య దగ్గరికి వెళ్లి చూశాడు. కుర్రాడిలాగే ఉంది, ఎందుకో కుర్రాడు కానట్టూ ఉంది.

“ఏం తమ్ముడూ, మావాడేనా?” అంది తల్లి.

“వాడేనక్కా. కానీ ఆ గాటు అటు కాదు, కుడి కనుబొమ్మ మీద.”

చిన్నప్పుడు మంచం కోడు తగిలి పడిన గాటు అది.

“ఎడమే. మందు రాసింది నేను.”

“నెలనెలా చూసిన ముఖమక్కా, నాకు తెలీదా?”

“కన్నది నువ్వా, నేనా?”

“కన్నది నువ్వే. కత్తిరించింది నేను.”

శిల్పి నవ్వబోయి ఆగాడు. తల్లి చెయ్యి మట్టి ముఖం మీద ఒక కనుబొమ్మ దాకా వెళ్లింది, రెండోదాని దాకా వెళ్లింది, కిందికి దిగిపోయింది.

“ఏమో, వాడి ముఖం నాకే గుర్తులేదేమో. తుడిచెయ్యి బాబూ, ఎటూ వద్దు” అని ఇంటికి వెళ్లిపోయింది. మర్నాడు పొద్దున్నే అచ్చు తీస్తామని శిల్పి అప్పటికే చెప్పి ఉన్నాడు.

మామయ్య షాపుకొచ్చాడు గాని మనసు మనసులో లేదు. కిరాణా కొట్టాయన గడ్డానికి కూర్చున్నాడు. ఒక చెంప అయింది. రెండో చెంపకి వెళ్తూ అద్దంలోకి చూస్తే, అతని పుట్టుమచ్చ ఒకవైపు ఉంది. కుర్చీ తిప్పి ఎదురుగా నిలబడి చూస్తే, రెండోవైపుంది. మళ్లీ అద్దం, మళ్లీ మనిషి.

“ఏంటయ్యా, పెళ్లిచూపులా?” అన్నాడు కొట్టాయన.

మామయ్య కత్తి కింద పెట్టి, సగం నురగతో అతన్ని అలాగే వదిలేసి కుర్రాడి ఇంటికి పరుగెత్తాడు.

“నీదే నిజమక్కా. నేను వాణ్ణి ఎప్పుడూ వెనక నిలబడి అద్దంలోనే చూశాను. నాకు కుడి అనిపించింది ఎడమే.”

“నన్ను ఊరుకోబెట్టడానికి అంటున్నావా?”

“అంత తెలివే ఉంటే ఇందాకే నోరు మూసుకునేవాణ్ణి.”

ఆమె అతని ముఖంలోకి చాలాసేపు చూసి, లేచి షెడ్డుకు నడిచింది. శిల్పి పనిముట్టు ఇవ్వబోతే వద్దంది. శిల్పి తుడిచేసిన గాటును ఎడమ కనుబొమ్మ మీద బొటనవేలి గోటితో తనే గీసింది. గీత కొంచెం వంకర పోయింది. అలాగే అచ్చు తీశారు.

ఏటా కుర్రాడు పోయిన రోజున జనం విగ్రహం ముందు చేరి పూలుంచేవారు. మామయ్యా వెళ్లేవాడు. అది సరైన ముఖమని తెలుసు, తను చూసిన ముఖం మాత్రం అది కాదు. మనందరి కోసం పోయినవాడికి ఒక్క మాట చెప్పుకుందామని వచ్చి, ఎవరికి చెబుతున్నాడో తెలియక తడబడేవాడు. తను పోయే ముందు ఏడాది కూడా అంతే. పూలుంచి, కర్ర ఊతంతో మెల్లగా విగ్రహం వెనక్కి నడిచాడు. అక్కడ జుట్టులో రెండు సుడులున్నాయి, నీకు రెండు పెళ్లిళ్లురా అని ఆయన ఏడిపించినవి. భుజం మీది తువ్వాలుతో మెడ మీది దుమ్ము దులిపాడు.

“నీ పుణ్యాన బాగానే ఉన్నాం రా,” అన్నాడు.