గోడ దూకొద్దన్న మేడమ్

మా లైబ్రరీ మేడమ్ పోయారని మొన్న ఆదివారం పొద్దున కొత్తకోట నుంచి క్లాస్‌మేట్ ఫోన్ చేసింది. వనపర్తి దగ్గర మేం చదువుకున్న ఆ పెద్దింటి పిల్లల స్కూల్లోనే, గోడ లోపలి క్వార్టర్లోనే పోయారట. నాకు ముందు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది.

గద్వాలలో మగ్గం నేసే ఇంటి పిల్లకు ఆ స్కూల్లో ఫ్రీ సీటు వచ్చిందని మా వీధంతా మురిసింది. చేరిన వారానికే నాకు ఊపిరాడలేదు. గంట కొడితే లేవాలి, గంట కొడితే తినాలి. అవుట్‌పాస్ లేనిదే గేటు దాటేది లేదు. పిల్లలకే కాదు, క్వార్టర్లలో ఉండే టీచర్లకూ అంతే.

మేడమ్ మాకో డిటెక్టివ్ నవల చదివి వినిపించేవారు. కథంతా అలాంటి స్కూల్లోనే. పాత బంగళా, ఎత్తైన గోడ, ఒక అమ్మాయి హత్య. హంతకుడెవరని మేం కొట్టుకుంటుంటే ఆమె కళ్ళద్దాలు తీసి అనేవారు.

"చంపినోడు ఎవడైతే ఏంది? ఆ గోడ దేనికి గుర్తో చెప్పుండ్రి. బడి పరువుకు. ఆ పిల్లకు ఆపదుందని తెలిసి కూడ, పరువు పోతదని అందరు నోరు మూసుకున్నరు. ఒక్కరు బయటికొచ్చి చెప్పినా ఆ పిల్ల బతుకుతుండె."

ఒక మధ్యాహ్నం మెస్ వెనక గోడెక్కాను. గాజుపెంకులకు అరచెయ్యి తెగింది. మేడమ్ చూసి దింపారు, తిట్టలేదు. కట్టు కట్టి, తారీఖు వేయని అవుట్‌పాస్ మీద సంతకం చేసి నా చేతిలో పెట్టారు.

"గోడ దూకితే దొంగంటరు బిడ్డా. నీతోని కానినాడు తారీఖేసుకొని గేట్ల నుంచి పో. అడిగినోళ్ళకు నేను చెప్త."

నాలుగేళ్ళు అది నా పెట్టెలోనే ఉంది. పోగలనని తెలిశాక ఉండగలిగాను. ఈ చదువు ఆ కాగితం పెట్టిన భిక్షే.

"మరి మీరెందుకు పోరు మేడమ్?" అని ఒకసారి అడిగాను.

"నేను పోతె మీకు కథ ఎవరు చెప్తరు?" అని నవ్వారు. నేనూ నవ్వాను. ఇప్పుడు సిగ్గుగా ఉంది.

కబురు తెలిసి స్కూలుకు వెళ్తే, క్వార్టర్లు ఊడ్చే ఆయమ్మ ఆ నవల తెచ్చి నాకిచ్చింది. చివరి పేజీలో పసుపెక్కిన అవుట్‌పాస్ ఒకటి, మేడమ్ పేరుతోనే ఉంది. కారణం దగ్గర 'బల్మూర్‌లో అమ్మకు బాగాలేదు' అని రాసుంది. ప్రిన్సిపాల్ సంతకం చోటు ఖాళీ. అడిగారో, అడగలేకపోయారో. పుస్తకం మూసి అక్కడే కూలబడి ఏడ్చాను.

సాయంత్రం మేడమ్‌ను సొంతూరు బల్మూర్ తీసుకెళ్ళే బండి గేటు దగ్గర ఆగింది. వాచ్‌మన్ అలవాటుగా రిజిస్టర్ తెరిచి పెన్ను పట్టుకున్నాడు. బండి వైపు కాసేపు చూశాడు. రిజిస్టర్ మూసి, రెండు తలుపులూ బార్లా తీశాడు.