మా మామిడి చెట్టుకి ఇంగువ పెట్టిందెవరు?

మా చిన్నతనంలో ఒక వానాకాలమంతా మా నాయనమ్మ పెరట్లోని మామిడి చెట్టు మొదట్లోంచి చిటికెడు మట్టి తీసి వాసన చూస్తూ గడిపింది...

చెట్టు మొదట్లో ఇంగువ పెడితే ఎంత పెద్ద చెట్టయినా చచ్చిపోతుందని ఆవిడ నమ్మకం. మా చెట్టుకి ఎవరో ఆ పని చేశారని అనుమానం. ఎవరో కూడా ఆవిడే తేల్చేసింది... పక్కింటి సీతారత్నం గారు.

అప్పుడు మేం విజయవాడ పటమటలో ఉండేవాళ్లం. నాకు పదకొండేళ్లు. అది మా తాత నాటిన చిన్నరసం చెట్టు. సగం మా పెంకుటింటి మీద, సగం ప్రహరీ దాటి పక్కింటి డాబా మీద పరుచుకుని ఉండేది. ఎండాకాలం ఏ గొడవా లేదు, కాయలు వాళ్లకీ అందేవి. వానలు పడితేనే తంటా. ఆకులు రాలి వాళ్ల డాబా తూములకి అడ్డంపడేవి. నీళ్లు నిలిచి గదుల్లోకి కారేవి.

"ఆ కొమ్మ కాస్త కొట్టించండి అన్నయ్యగారూ... పుస్తకాలన్నీ తడిసిపోతున్నాయి" అని సీతారత్నం గారు గోడ మీంచి అడిగేవారు. నాన్న "చూద్దాంలెండి" అనేవాడు. చూసేవాడు కాదు.

ఆవిడ హిందీ టీచరమ్మ. సాయంత్రాలు ఇంట్లో ప్రైవేట్లు చెప్పేవారు. నేనూ వెళ్లేదాన్ని.

అంతకుముందు ఏడు నాన్న పెరడంతా మెరక చేయించాడు. ఏటా మోకాలిలోతు నీళ్లు నిలిచేవి మరి. ట్రాక్టర్లతో మట్టి తోలించి, రెండడుగుల ఎత్తు పోయించి చదును చేయించాడు. అప్పుడే సీతారత్నం గారు గోడ దగ్గరికొచ్చి, "చెట్టు మొదట్లో మాత్రం పోయించకండి, చెట్టుకి మంచిది కాదు" అన్నారు.

ఆవిడ అటు వెళ్లగానే నాన్న నవ్వాడు. "మన నీళ్లు వాళ్లవైపు పోతాయని ఆవిడ బాధ. చెట్టు మీద ప్రేమా పాడా!"

అందరం నమ్మేశాం...

ఆ వానలకి పెరట్లో చుక్క నీరు నిలవలేదు. సంబరపడ్డాం. కానీ మరుసటేడు పూత సరిగ్గా రాలేదు. మళ్లీ వానలు పట్టేసరికి ఆకులు పసుపు తిరిగాయి. చిటారు కొమ్మలు ఎండడం మొదలైంది.

నా హిందీ ప్రైవేటు మాన్పించేశారు. పైగా నాకో పని అప్పగించింది నాయనమ్మ... వంటింటి కిటికీలోంచి గోడ మీద కన్నేసి ఉంచడం. సీతారత్నం గారు డాబా మీద బట్టలు ఆరేసినా నాకు అనుమానమే. ఒకసారి చెంబుతో ఏదో పారబోస్తే పరుగెత్తుకెళ్లి చెప్పాను. బియ్యం కడిగిన నీళ్లే అని అమ్మ అన్నా నేను నమ్మలేదు.

ఒక ఆదివారం అమ్మా నాన్నా హనుమాన్ జంక్షన్‌లో పెళ్లికెళ్లారు. మధ్యాహ్నం వాన తెరిపిచ్చింది. నాయనమ్మ కునుకు తీస్తోంది. కిటికీలోంచి చూద్దును కదా... సీతారత్నం గారు మా చెట్టు దగ్గరే! కుచ్చిళ్లు పైకి దోపుకుని, పలుగుతో మొదట్లో తవ్వుతున్నారు.

నా అరుపుకి నాయనమ్మ లేచి పెరట్లోకి ఉరికింది. "దొరికావే తల్లీ! ఇంగువ ఎక్కడ పెట్టావో చూపించు!"

"ఇంగువేంటి పిన్నిగారూ?" అని ఆవిడ తెల్లబోయారు.

సరిగ్గా అప్పుడే అమ్మా నాన్నా ఆటో దిగారు. నాన్న నేరుగా పెరట్లోకొచ్చాడు. "మా పెరట్లో మీకేం పనండీ?" అని గద్దించాడు.

ఆవిడ పలుగు కింద పెట్టలేదు. "మాది నూజివీడు దగ్గరండీ. మామిడి తోటలోనే పుట్టి పెరిగాను. నేను చెప్తే మీరు వినలేదు. మొదలు చుట్టూ మట్టి పూడిస్తే గాలాడదు, బెరడు కుళ్లిపోద్ది. రోజూ డాబా మీంచి చూస్తా ఊరుకోలేకపోయానండీ. రండి... మీ చేత్తోనే చూడండి."

"వేళ్లు నరకడానికొచ్చి ఈ కథలన్నీ ఎందుకండీ..." అంటూనే నాన్న గుంటలో చెయ్యి పెట్టాడు. అరచేయంత బెరడు మెత్తగా ఊడి చేతిలోకొచ్చింది. గుప్పుమని కుళ్లు వాసన... ఇంగువ వాసన కాదు.

తర్వాత నాన్న పెళ్లి చొక్కా విప్పి కొమ్మకి తగిలించి, ఆవిడ చేతిలోని పలుగు అందుకున్నాడు. తప్పయిపోయిందని మాత్రం అనలేదు. మా నాన్నకి ఆ మాట రాదు.

వారం పట్టింది. పాత నేల కనిపించేదాకా మట్టి తీశారు... వేళ్లు తెగకుండా చాలామటుకు చేతుల్తోనే. గుంటలో వాననీరు నిలవకుండా వీధి కాలవదాకా సన్న బోదె తీశారు. చెట్టు బతికింది... సగం. ప్రహరీ దాటిన పెద్ద కొమ్మ ఎండిపోయింది. గాలివానకి విరిగి డాబా మీద పడుతుందేమోనని దాన్ని కొట్టించేశారు.

"చూశారా! ఆవిడకి అడ్డమైన కొమ్మే పోయింది" అంది నాయనమ్మ. బతికున్నంతకాలం ఆవిడ అనుమానం తీరలేదు.

ఇక నేను... కాపలా కాసిందాన్ని కదా, పదిరోజులు మొహం చాటేశాను. చివరికి హిందీ పుస్తకం పట్టుకుని వెళ్లి సీతారత్నం గారి గుమ్మంలో నిలబడ్డాను. ఆవిడ కళ్లజోడు సర్దుకుని, "ఎక్కడ ఆపాం?" అన్నారు. అంతే. పుస్తకం తెరిచాను గానీ, చాలాసేపు అక్షరాలు కనపడలేదు...

ఇప్పుడు ఆ రెండిళ్లూ లేవు. వాటి చోట అపార్ట్‌మెంట్లు వచ్చేశాయి. నేనుండే అపార్ట్‌మెంట్‌లో ఒక పాత వేపచెట్టుంది. పార్కింగ్ కోసం దాని మొదలుకి ఆనించి టైల్స్ పరిచేశారు. ఈ వానల్లో పై కొమ్మలు ఎండుతున్నాయి. చుట్టూ నాలుగడుగుల మేర టైల్స్ తీయిద్దామని మొన్న మీటింగ్‌లో అన్నాను. ఒకాయన నన్ను ఎగాదిగా చూసి, "మీ బాల్కనీకి అడ్డమని చెట్టు పడగొట్టించే ప్లానా మేడమ్?" అన్నారు. అందరూ నవ్వారు.

నాకు కోపం రాలేదు... ఆయన కళ్లల్లో మా ఇంటిల్లిపాదీ కనిపించారు.

మాట పడతామని తెలిసీ పక్కింటి చెట్టు కోసం చేతులకి మట్టి చేసుకున్నవాళ్లు మీకూ తారసపడే ఉంటారు. వాళ్ల గురించి రాయండి... అప్పుడు మీరేమనుకున్నారో, అది కూడా దాచకుండా.