అసూయకు ఒక చెంచాడు మందు

ఆ రోజుల్లో మా ఇంట్లో ఇద్దరం ఉండేవాళ్ళం, పుస్తకాలు చదివేదాన్ని మాత్రం నేనొక్కదాన్నే. పెళ్ళైన మొదటి వారంలోనే ఈ పంపకం ఏ గొడవా లేకుండా తేలిపోయింది. మా ఆయన చేతికి పుస్తకమిస్తే బరువు చూసి, ధర చూసి, వెనక అట్ట మీద రచయిత ఫొటో చూసి, ‘‘బాగుంది’’ అని తిరిగి ఇచ్చేసేవారు. నేనేమో పకోడీలు కట్టిచ్చిన కాగితం కూడా విప్పి, నూనె మరకల మధ్య అక్షరాలు కూడబలుక్కుని చదివే రకం. మనిషన్నాక దేనిమీదైనా కుళ్ళుకోవచ్చు గానీ, పుస్తకాల విషయంలో మా ఆయన్ని చూసి కుళ్ళుకునే రోజొకటి వస్తుందని దేవుడు దిగొచ్చి చెప్పినా నమ్మేదాన్ని కాదు. వచ్చింది. అదీ మా ఒంగోల్లో కాదు, ఐర్లండులో, కిల్కెన్నీలో, కుండపోత వానలో.

అప్పటికి నేను అక్కడి ఆసుపత్రిలో జూనియర్ డాక్టరుగా చేరి కొన్ని నెలలైంది. మా ఆయనది ఇంట్లోంచే చేసుకునే కంప్యూటర్ ఉద్యోగం. వార్డులో నన్ను ‘డాక్టర్’ అనేవారు, ఫోన్లో మా అమ్మ ‘ఏం తిన్నావే’ అనేది. ఈ రెంటికీ మధ్య నేనొక మనిషినని ఆ ఊళ్ళో ఎవరికీ తెలియదు. రక్తపరీక్ష గురించి తప్ప నా అభిప్రాయం అడిగిన నాథుడు లేడు. (ఏం చేసినా ‘గ్రాండ్’ అనేవాళ్ళు. ఇక్కడ ఆ మాటకి ‘సరేలే, పరవాలేదు’ అని మాత్రమే అర్థమని తెలియక, మొదటి నెలంతా నేనో గొప్ప డాక్టర్నని మురిసిపోయాను.) అలాంటి సమయంలో ఊరి లైబ్రరీలో పుస్తకాలు చదివేవాళ్ళు కొందరు శనివారం మధ్యాహ్నాలు కలుస్తారని తెలిసి చేరిపోయాను. బృందాన్ని నడిపేది ఒక రిటైరైన టీచరమ్మ. ప్రతిసారీ తనే కేకు చేసి తెచ్చేది. ఊరి బయట గొర్రెలు పెంచే పెద్దాయన ఒకాయన మూలన కూర్చుని టీ తాగి, నోరు విప్పకుండా వెళ్ళిపోయేవాడు. మిగతావాళ్ళంతా ఆడవాళ్ళే. వాళ్ళు నా పేరు కష్టపడి నేర్చుకున్నారు. ‘‘నీకేమనిపించింది?’’ అని నావైపు తిరిగి అడిగేవారు. ఆ ఒక్క మాట కోసం నైట్ డ్యూటీలు కూడా నవ్వుతూ చేసేదాన్ని. ఆ ఊళ్ళో నాకంటూ ఉన్న చోటు అదొక్కటే.

ఒకసారి ఒక నవల పెట్టుకున్నాం. పేరు చెప్పను. చెబితే మీరు కొని చదివేసి నాకంటే బాగా అభిప్రాయం చెబుతారేమోనని భయం (ఇన్నేళ్ళైనా ఆ జబ్బు పూర్తిగా పోలేదు). అందులో ఒక నగరం. అక్కడ ఆకలి లేదు, పోట్లాట లేదు. వయసు రాగానే ఇల్లిస్తారు, ఉద్యోగమిస్తారు, పెద్దల కమిటీ కూర్చుని ఫలానావాడు నీ మొగుడని తేల్చేస్తుంది. పొద్దున్నే అందరూ ఒక చెంచాడు తియ్యటి మందు తాగుతారు, దాంతో అసూయ అనేదే పుట్టదు. అంతా స్వర్గంలాగే ఉంటుంది, చదివేకొద్దీ మాత్రం వెన్నులోంచి చలి పుడుతుంది. సగానికొచ్చేసరికి అక్కడి ఒక పిల్లకి ఆ మందు మీద అనుమానం మొదలవుతుంది. నవల లావుగా ఉందని సగం సగం చొప్పున రెండు సమావేశాలకి పంచుకున్నాం. ‘ఈ నగరం మనుషుల ఆత్మల్ని అద్దెకు తీసుకుని సుఖాన్ని అమ్ముతోంది’ అని ఒక వాక్యం తయారుచేసుకుని, అద్దం ముందు చెప్పుకుని, నా తెలివికి నేనే ముచ్చటపడ్డాను. సాయంత్రాలు బంగాళాదుంపల వేపుడు చేస్తూ (ఈ దేశంలో వాటికి మాత్రం లోటు లేదు) మొదటి సగం కథంతా మా ఆయనకి చెప్పాను. ఆయన ఉల్లిపాయలు తరుగుతూ ఊఁ కొట్టారు. వింటున్నారని కూడా నేననుకోలేదు.

ఆ శనివారం వాన దంచేస్తోంది. నన్ను దింపి కారులో కూర్చోబోతున్న మా ఆయన్ని టీచరమ్మ గుమ్మంలోంచి చూసి, ‘‘పాపం, లోపలికి రమ్మను, వేడిగా టీ ఉంది’’ అంది. వచ్చి నా పక్కన కూర్చున్నారు. కేకు ముక్క ఇవ్వబోతే, గుడ్డు తిననని చెప్పి బిస్కెట్ తీసుకున్నారు. సభ్యులంతా ఆ నగరాన్ని ఉతికి ఆరేశారు. నా వంతు రాగానే ఆత్మ, అద్దె, సుఖం అన్నీ వరస తప్పకుండా అప్పజెప్పాను. ‘‘చాలా బాగా చెప్పావు’’ అని బిస్కెట్ల ప్లేటు నావైపు జరిపారు. అంతే. ఆ తర్వాత మర్యాద కోసం టీచరమ్మ మా ఆయన్ని, ‘‘మరి మీరేమంటారు?’’ అని అడిగింది.

‘‘నేను చదవలేదండీ, కథ విన్నాను,’’ అన్నారాయన. ‘‘నాకైతే ఆ ఊరు నచ్చింది. దరఖాస్తు ఎక్కడ పెట్టుకోవాలి?’’

అందరూ ఒక్కసారి తలలెత్తారు. ‘‘నవ్వకండి. మేం అద్దె ఇల్లు వెతుకుతున్నాం. మొన్నొకటి చూడ్డానికి వెళ్తే జనం వీధి మలుపు దాకా క్యూలో ఉన్నారు. తీరా లోపలికెళ్తే వంటింట్లో ఉన్న ఒకే ఒక్క ప్రెస్సుకి తలుపు లేదు.’’ (ఇక్కడ అలమారని ప్రెస్ అంటారు.) ‘‘ఆ తలుపు లేని ప్రెస్సు కోసం ఒకళ్ళనొకళ్ళం పలకరించుకుంటూ లోలోపల తిట్టుకుంటూ నిలబడ్డాం. ఆ ఊళ్ళో అయితే పిలిచి తాళంచెవి చేతిలో పెడతారుగా!’’

మూలనుంచి గొర్రెల పెద్దాయన, నేను చేరాక మొదటిసారి నోరు విప్పి, ‘‘మావాడు ముప్ఫై దాటినా ఇంకా మా వెనకగదిలోనే ఉన్నాడు. వాడి పేరు కూడా రాయించు నాయనా’’ అన్నాడు.

‘‘ఇల్లు సరే, పెళ్ళి మాటేమిటి?’’ అంది టీచరమ్మ. ‘‘కమిటీ ఎవరినో తెచ్చి కట్టబెడితే ఊరుకుంటారా?’’

‘‘మాకూ కమిటీయే చేసిందండీ. ఈవిడ పిన్ని అధ్యక్షురాలు, మా మేనమామ కార్యదర్శి. కప్పు కాఫీ తాగినంతసేపు చూసుకున్నాం, అంతే. కమిటీ పని బాగానే చేసింది. ఆ చెంచాడు మందు ఇవ్వడం ఒక్కటే మర్చిపోయింది,’’ అని నావైపు ఓరగా చూశారు.

ఇంక చూడండి! టీచరమ్మ కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకుంది. ఒకావిడకి పొలమారింది. నేనూ నవ్వాను, అంటే పళ్ళు బయటపెట్టాను. కడుపులో మాత్రం భగభగ మండుతోంది. సొమ్మొకడిది సోకొకడిది అని ఊరికే అన్నారా! చదివింది నేను, చెప్పింది నేను, దండ ఆయన మెళ్ళో.

‘‘ఏంటోయ్, నోట్లో బెల్లం గడ్డేమైనా ఉందా?’’ అన్నారు కారులో.

‘‘ఏం మాట్లాడను? మాటలన్నీ మీరే వాడేశారుగా.’’

‘‘నేనేదో తోచింది అన్నాను.’’

‘‘అదే నా ఏడుపు! వారమంతా తపస్సు చేసినా నాకు తోచనిది మీకు టీ చల్లారేలోపు ఎలా తోచిందండీ?’’

అది అంతటితో పోయుంటే బాగుండేది. ఆ వారం సూపర్‌మార్కెట్లో టీచరమ్మ మమ్మల్ని చూసి, నన్ను దాటుకుని వెళ్ళి ఆయనతో చేయి కలిపింది. పక్కనున్న స్నేహితురాలికి నన్ను ‘ఆయన భార్య’ అని పరిచయం చేసింది. ఆసుపత్రిలో నేను సెలైన్ పెడుతుంటే ఆ పేషెంటు, బృందంలో ఉన్న ఒకావిడ చెల్లెలట, ‘‘హిమ్‌సెల్ఫ్ బాగున్నాడా?’’ అంది. (మొగుణ్ణి పేరు పెట్టి పిలవకుండా ‘ఆయన’ అనే అలవాటు వీళ్ళకీ ఉంది.) సూది గుచ్చింది నేను, కలుక్కుమన్నదీ నాకే. ఆయన ఇంట్లో కూర్చుని కంప్యూటర్ చూసుకుంటుంటే ఆయన కీర్తి మాత్రం ఊరంతా తిరుగుతోంది.

అందుకని రెండో సగం కథ చెప్పడం మానేశాను. ‘‘తర్వాతేమైంది? ఆ పిల్లకి అనుమానం వచ్చిందిగా, ఇంక మందు తాగిందా మానేసిందా?’’ అని వేపుడు వాసన తగలగానే వంటింట్లోకి వచ్చి నిలబడేవారు. ‘‘పుస్తకం అక్కడే ఉంది, చదువుకోండి’’ అన్నాను. పంతానికి తీసుకున్నారు. రెండో పేజీకే గుండె మీద పుస్తకం, గాల్లో గురక. చంకలు గుద్దుకున్నాను. ఆ మరుక్షణమే అంత హాయిగా నిద్రపోగలుగుతున్నందుకు కూడా కుళ్ళొచ్చింది.

రెండో సమావేశానికి ఒక్కదాన్నే లోపలికెళ్ళాను. ఆయన్ని, ఎవరి కంటా పడకుండా దూరంగా కారు పెట్టుకుని కూర్చోమన్నాను. తలుపు తీయగానే అన్ని మొహాలూ ఒక్కసారి వెలిగాయి, నా భుజం మీదుగా వెనక్కి చూశాయి, ఆరిపోయాయి. ‘‘హిమ్‌సెల్ఫ్ రాలేదా?’’ అంది టీచరమ్మ. బల్ల మీద పెద్ద కేకు. ‘‘గుడ్డు లేకుండా చేశాను. ఆయన తినడని పోయినసారి చెప్పాడుగా.’’ నేను నెలల తరబడి ఆ గదిలో ‘వద్దండీ, ఇప్పుడే తిన్నాను’ అంటూ టీ ఒక్కటే తాగుతున్నాను. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

ఆ రోజు చర్చ ఒక్కటే ప్రశ్న మీద: అసూయని చంపే ఆ మందు ఆ పిల్ల తాగాలా, మానాలా? ఏ భావాన్నీ మనిషి నుంచి లాగేసుకోకూడదని ఒకావిడ అంది, అసూయ కూడా స్వేచ్ఛలో భాగమేనని ఇంకొకావిడ అంది. నా వంతొచ్చింది. మంచి వాక్యమే రాసుకుని తెచ్చాను. కాగితం విప్పనైనా లేదు.

‘‘నేనైతే తాగేస్తాను,’’ అన్నాను. ‘‘చెంచాడు కాదు, సీసా ఎత్తి గటగటా తాగేస్తాను. అసూయ స్వేచ్ఛ అంటున్నారు, ఒంట్లో పెట్టుకుని తిరిగి చూడండి తెలుస్తుంది! పుస్తకం చదివింది నేను. వేపుడు మాడకుండా ఆయనకి కథ చెప్పింది నేను. పేరు ఆయనకి. ఇప్పుడు తలుపు తీస్తే నా వెనక్కి చూశారు మీరంతా. గుడ్డు నేనూ తిననండీ! ఇన్ని నెలలుగా మీ కేకు ముట్టలేదు! ఈ ఊళ్ళో నాకున్నది ఈ ఒక్క కుర్చీ. ఇదీ ఆయనకి ఇచ్చేస్తే నేనెక్కడ కూర్చోను?’’

టీచరమ్మ మొహం పాలిపోయింది. ‘‘అమ్మాయ్, గుడ్డు తిననని ఒక్కసారైనా చెప్పావా?’’ అంది మెల్లగా. చెప్పలేదు. అడగందే అమ్మైనా పెట్టదని మా పిన్ని ఎన్నిసార్లు మొత్తుకుందో! ఆ మాటే ఇంగ్లీషులో చెప్పి ముక్కు చీదుకునేసరికి, ముందు పెద్దాయన కప్పు కింద పెట్టేసి పకపకా నవ్వాడు. ఆ వెనక అందరూ. నేనూ ఏడుస్తూనే నవ్వేశాను. టీచరమ్మ కేకు కోసి, పెద్ద ముక్క తెచ్చి నా చేతిలో పెట్టింది.

నవ్వులు సద్దుమణిగాక పెద్దాయన అన్నాడు: ‘‘ఆ మందు తాగకమ్మా. నా భార్య ఈ బృందంలో ఉండేది. ఆవిడ ఇక్కడికొస్తే నేను బయట కారులో కూర్చుని రేడియోలో హర్లింగ్ ఆట వినేవాణ్ణి. లోపల్నుంచి నవ్వులు వినిపించేవి. ఇంట్లో నాతో అంతలా ఎప్పుడూ నవ్వలేదు, మీరంటే కుళ్ళిపోయేవాణ్ణి. ఆవిడ పోయాక, ఇక్కడ అంత నవ్వేదేముందో చూద్దామని వచ్చి కూర్చుంటున్నాను.’’ కప్పు పక్కకి జరిపాడు. ‘‘ఇప్పుడు కుళ్ళుకుందామన్నా నాకు ఎవరూ లేరు.’’

నేను నా కుర్చీ ఆయన పక్కకి జరుపుకుని కేకు సగం చేసి ఇచ్చాను.

బయటికొస్తే మా ఆయన కారు అద్దాలన్నీ ఆవిరి పట్టించుకుని కూర్చున్నారు. తలుపు తీయకముందే, ‘‘ఆ పిల్ల తాగిందా లేదా? చెప్పకుండా చంపుతున్నావు!’’ అన్నారు. జరిగిందంతా చెప్పాను.

‘‘నవ్వారా? ఎంత నవ్వారు?’’

‘‘పెద్దాయన కప్పు కింద పెట్టేశాడు.’’

‘‘నేనన్నప్పుడు పెట్టలేదే!’’ మొహం ఇంత చిన్నదైపోయింది. ‘‘అంటే నా మీద చెప్పి నవ్వించావన్నమాట. సరుకు నాది, పేరు నీదా?’’ అని ఇంటికెళ్ళేదాకా ముభావంగా ఉండిపోయారు. ఆయన అలా ఉడుక్కుంటుంటే నాకెంత హాయిగా ఉందో చెప్పలేను. జాలేసి నవల ముగింపు చెప్పాను.

ఇప్పుడు ఈ దేశపు రాజధాని శివార్లలో, సిటీవెస్ట్‌లో ఉంటున్నాం. నలుగురు చేరినచోట మా ఆయన ఇప్పటికీ నవ్విస్తారు. ‘‘ఆంటీ, అంకుల్ ఈజ్ గ్యాస్!’’ అంటారు ఇక్కడ పెరిగిన పిల్లలు, కడుపు పట్టుకుని. (గ్యాస్ అంటే వీళ్ళ భాషలో భలే సరదా మనిషని.) ‘‘అవునమ్మా’’ అంటూ నేను పెద్దమనిషి తరహాగా గిన్నెలు సర్దుకుంటాను. లోపల చురుక్కుమనదు, మండదు, ఏమీ ఉండదు. దీన్ని పెద్దరికం అంటారట. కానీ ఎప్పుడైనా డ్యూటీ నుంచి లువాస్ ట్రాములో వస్తూ కిటికీ పక్కన కూర్చున్నప్పుడు, ఒక కుర్చీ కోసం, ఒక కేకు ముక్క కోసం అంతమంది ముందు ముక్కు చీదుకుంటూ పోట్లాడిన ఆ పిల్ల గుర్తొస్తుంది. నవ్వొస్తుంది. నిజం చెప్పొద్దూ, దాన్ని తలుచుకుంటే నాకిప్పుడు కాస్త కుళ్ళుగానే ఉంటుంది.