వెనక్కి చూసే పిట్ట

ఆ వీధిలో ఆమెను సూదికన్ను అనేవాళ్లు. దారం ఎక్కించడంలో ఆమెను మించినవాళ్లు లేరని ఒక కారణం. ఎదుటివాళ్లను చూసే చూపు మరో కారణం. నీడ వెంట వస్తే, ఎందుకొచ్చావని దాన్నీ నిలదీసే రకం.

మేడ మీద కాపురం, కింద కుట్టుగది. అన్నదమ్ములిద్దరూ లారీల మీద ఊళ్లు తిరుగుతుంటే, తోటికోడళ్లిద్దరే ఎంబ్రాయిడరీ పని చూసుకునేవారు. పెద్దామె, అంటే సూదికన్ను, తన గదిలో కంప్యూటర్ మీద పూలు, తీగలు, పిట్టలు గీసేది. అరచేతిలో పట్టే హార్డ్ డిస్క్‌లో వాటిని ఎక్కించి కిందికి తెచ్చేది. చిన్నామె ఆ డిస్క్‌ను మిషన్‌కు తగిలించేది. పన్నెండు సూదులు ఒక్కసారిగా వాన మొదలైనట్టు దిండు గలీబుల మీద దిగేవి. పెద్దామె చేతికి ఒక గుర్తుంది. ఏ బొమ్మనైనా చివరి కుట్టు దగ్గర చిన్న కొక్కెంలా లోపలికి తిప్పి ముగిస్తుంది. మరొకరు అలా ముగించరు.

కష్టమల్లా ఎదురుకొట్టుతో వచ్చింది. వీళ్లు కుట్టిన తీగ వారం తిరక్కుండానే ఆ కొట్టు అద్దాల్లో పాకేది. అక్కడి దిండ్ల మీద పూసిన పూలన్నీ పెద్దామె కలలో పూసినవే. ఆమె అనుమానం మొదట ఆ కొట్టు యజమాని బావమరిది మీదికి పోయింది. అతను సందు చివర ఫొటోల ప్రింటింగ్ చేస్తాడు. కొనేవాళ్లకు చూపే ఆల్బమ్‌కు నమూనాల ఫొటోలు ప్రింటు తీయించాలంటే డిస్క్ అతని చేతికే ఇవ్వాలి, ఆ చుట్టుపక్కల వేరే దిక్కు లేదు. అందుకే ఆమె పద్ధతి పద్ధతిగా ఉండేది. సాయంత్రం డిస్క్‌లోని డిజైన్లన్నీ చెరిపేసి, దాన్ని ఊడదీసి, గుడ్డసంచిలో వేసి నడుముకు కట్టుకునేది. ఆ తర్వాతే తీరిగ్గా కూర్చుని కంప్యూటర్‌లో చెరిపినవి చేరే చెత్తబుట్టను, రీసైకిల్ బిన్‌ను, ఊడ్చేసేది. అతని చేతికి వెళ్లేది ఫొటోలు తప్ప ఏమీ లేని డిస్క్. పాపం, అతను "ఇదిగోనమ్మా" అంటూ పసిబిడ్డను అందించినట్టు దాన్ని తుడిచి మరీ ఇచ్చేవాడు.

ఇక మిగిలింది ఎవరు? ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడు. చిన్నామె ఫోన్ మోగితే పెద్దామె చెవి తలుపు దాకా సాగేది. చిన్నామె నవ్వితే ఆ నవ్వు వెల ఎంతో లెక్కేసేది. పక్కవీధిలో ఒక చిన్న గది అద్దెకుందని విని, వెళ్లి చూసి కూడా వచ్చింది. మిషన్ ఎవరిది, వంటగది ఎవరిది, గోడ ఎక్కడ లేపాలి అన్నవి ఆమె మనసులో అప్పటికే గీతలు గీసుకుంటున్నాయి.

అలాంటి రోజుల్లో ఒక పిట్టను గీసింది. ముందుకు ఎగురుతున్న పిట్ట.

"బాగుంది గానీ అక్కా, తల వెనక్కి తిప్పండి" అంది చిన్నామె. "ఎగురుతూనే వెనకెవరున్నారో చూసుకుంటున్నట్టు. అచ్చం మీలాగా."

"నాలాగానా? నోరు కాస్త అదుపులో పెట్టుకో."

చిన్నామె కిందికి వెళ్లాక, ఎవరూ చూడకుండా పిట్ట తలను వెనక్కి తిప్పి గీసి చూసింది. పిట్టకు ప్రాణం వచ్చింది. ఆ ప్రాణం పోసిన మాట తనది కాదు. డిస్క్‌లోని ఆ పిట్టను వెంటనే చెరిపేసి, ఎప్పటిలాగే డిస్క్‌ను నడుముకు కట్టుకుని బిన్‌ను ఊడ్చేసింది.

కొన్నాళ్లకు పొద్దున్నే షట్టర్ ఎత్తేసరికి, ఎదుటి అద్దంలోంచి ఆ పిట్ట వెనక్కి తిరిగి ఆమెనే చూస్తోంది.

"ఏమే, దొరికావు!" అంది, వెనకే వచ్చిన చిన్నామెతో. "తల తిప్పమన్నది నీ నోరే. వాళ్ల చెవిలో ఊదిందీ నీ నోరే. ఇక ఒక కప్పు కింద మనకు పొసగదు. వేరు పడదాం."

చిన్నామె రోడ్డు దాటి, అద్దానికి ముఖం ఆనించి చూసి వచ్చింది. ఆమె కళ్లలో ఇప్పుడు వేరే చూపుంది. పెద్దామె ఆ చూపును గుర్తుపట్టింది, అది తన చూపే.

"తోక చివర కొక్కెం ఉందక్కా. నేను మాటన్నాను, అంతే. గీసిందెవరు? నాకు చూపించకుండా వాళ్లకెందుకు ఇచ్చారు?"

"నేనా! నేనిచ్చానా?"

"మరి గీయలేదా?"

"గీశాను" అంది పెద్దామె. "నువ్వన్నదే బాగుంది. ఒళ్లు మండి చెరిపేశాను."

"చెరిపేస్తే ఎలా ఎగిరింది? ఎలా చెరుపుతారో చూపించండి."

మేడెక్కారు. పెద్దామె నడుము సంచి విప్పి, డిస్క్ తగిలించి, ఒక ఫైలు చెరిపింది. డిస్క్‌ను లాగి నడుముకు కట్టుకుంది. తర్వాత బిన్ తెరిచింది. ఖాళీ.

"చూశావా?"

"డిస్క్ మళ్లీ పెట్టండి."

పెట్టింది. ఖాళీ బుట్ట కళ్లెదుటే నిండిపోయింది. తీగలు, పూలు, నెలల తరబడి చెరిపినవన్నీ గూటికి చేరిన పిట్టల్లా వరసగా కూర్చున్నాయి. పెద్దామె డిస్క్ లాగింది. ఖాళీ. పెట్టింది. నిండింది.

"దాని బుట్ట దానిలోనే ఉందక్కా" అంది చిన్నామె నెమ్మదిగా. "మీరు ముందు దాన్ని దాచి, ఆ తర్వాత ఊడుస్తున్నారు. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టు. ఎవరు తగిలించుకుని వెతికినా ఇవి కనబడవూ?"

"ఎవరికిస్తాను? ఫొటోలాయనకు తప్ప..." అని ఆగిపోయింది. తుడిచి ఇచ్చే ఆ చేతులు గుర్తొచ్చాయి.

బిన్ సెట్టింగ్స్ తెరిచారు. కంప్యూటర్‌కు ఒక వరస, డిస్క్‌కు వేరే వరస. చెరిపినవాటిని బుట్టలో దాచాలా, వెంటనే తీసేయాలా అని డిస్క్‌కు విడిగా అడుగుతోంది.

"వెంటనే తీసేయమని పెట్టండి" అంది చిన్నామె.

"ఆగు." పెద్దామె ముందు పిట్టను బయటికి తీసి తన కంప్యూటర్‌లో పెట్టుకుంది. డిస్క్ అక్కడుండగానే బుట్ట ఊడ్చింది. అప్పుడు సెట్టింగ్ మార్చింది. చెరిపేముందు ఒకసారి నన్నడుగు అన్న గడిలోనూ టిక్కు పెట్టింది.

"దాన్ని కూడా నమ్మరా?"

"నువ్వు తగిలించి చూడు, నిజంగా ఖాళీయేనా?" అంటూ డిస్క్‌ను చిన్నామె చేతిలో పెట్టింది. ఖాళీయో కాదో చూడమని ఆ డిస్క్‌ను మరొకరి చేతికివ్వడం అదే మొదలు.

ఆ వారం కూడా ఫొటోలాయనకు ఎప్పటిలాగే డిస్క్ ఇచ్చారు, ఫొటోలు మాత్రమే ఉంచి. మర్నాడు అతను తెచ్చి బల్ల మీద పెట్టేసి, అమ్మా అనకుండానే వెళ్లిపోయాడు.

చిన్నామె డిస్క్ మీద వేలు రాసి, దుమ్ము చూపించింది. "ఈసారి తుడవలేదక్కా."

పెద్దామె పైటకొంగుతో దాన్ని తుడిచింది. "దారం ఎక్కించు" అంది. "మన పిట్టను మన తలుపు తెర మీద కుడదాం. ఎదురుకొట్టు వైపు చూస్తూ ఉండాలి."